జీర్-ఓ-బమ్: చవక బేస్ గిటార్ లోపల దాగిన తారీఖ్

ఉర్దూలో ‘జీర్-ఓ-బమ్’ అని ఒక మాట ఉంది. స్వరంలోని హెచ్చుతగ్గులకి వాడతాం, జిందగీలోని ఎగుడుదిగుళ్లకీ వాడతాం. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకి ఈ మాట నోటికి అలవాటే. కానీ ఇది ఎక్కడ పుట్టిందో చాలామంది ఆలోచించి ఉండరు. ఇది ఒక సాజ్ మీద పుట్టిన మాట. పాతకాలపు ఊద్‌కి నాలుగు తీగలు. అన్నిటికన్నా సన్నటిది జీర్. తర్వాతవి మస్నా, మస్లస్. అన్నిటికన్నా లావుగా ఉండి అడుగు స్థాయిలో మోగేది బమ్. జీర్ మీద రాగం ఎగురుతుంటే, కింద దాన్ని మోసేది బమ్.

ఇవాళ స్టేజి మీద డ్రమ్స్ పక్కన నిలబడి, నాలుగు లావు తీగల గిటార్ వాయించే కుర్రాడు చేసేది ఆ బమ్ తీగ పనే. పేరు మాత్రం బేస్ గిటార్. పాటంతా అయ్యాక కూడా అతనేం వాయించాడో సభలో సగంమందికి గుర్తుండదు. అతను ఒక్క నిమిషం ఆపితే మాత్రం పాట కాళ్ల కింద నేల జారిపోయినట్టు అందరికీ తెలుస్తుంది.

ఈ మధ్య మన ఇళ్లలో కూడా పిల్లలు బేస్ గిటార్ అడుగుతున్నారు. అమ్మీ-అబ్బాల ముందు మూడు సవాళ్లు. ఇది జాయిజేనా? డబ్బు దండగ కాదా? చవకది కొంటే పనికొస్తుందా, లేక కొన్నాళ్లకే లోపలి సామాను మార్చమని మళ్లీ డబ్బు అడుగుతాడా?

మొదటి సవాల్‌కి ఫత్వా ఇవ్వడానికి నేను ముఫ్తీని కాను. మౌసీఖీ మీద మన ఉలమాలో ఇఖ్తిలాఫ్ వెయ్యేళ్ల నుంచీ ఉంది. సాజ్‌లన్నీ కూడదన్నవాళ్లున్నారు. ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో సమా గురించి ఒక పూర్తి అధ్యాయమే రాసి, ఎక్కడ కూడదో ఎక్కడ ఫర్వాలేదో విడమరిచారు. హకీమ్ ఫారాబీ మౌసీఖీని ఇల్మ్‌గా తీసుకుని ‘కితాబుల్ మూసీఖీ అల్ కబీర్’ అనే పెద్ద గ్రంథం రాశాడు. ఏ ఇల్లు ఏ దారి పట్టాలో ఆ ఇంటి పెద్దలే తేల్చుకోవాలి. నేను మాట్లాడగలిగింది మిగతా రెండు సవాళ్ల గురించి. వాటికి జవాబు దుకాణందారు దగ్గర కన్నా తారీఖ్‌లో ఎక్కువ దొరుకుతుంది.

సాజ్‌ని మార్చుకున్న జిర్యాబ్

కొన్న సాజ్‌ని ఉన్నదున్నట్టు వాయించక, దాని తీగలు మార్చి, బరువు తగ్గించి, తన చేతికి తగ్గట్టు చేసుకోవడం కొత్త ఫ్యాషన్ కాదు. బగ్దాద్‌లో ఇస్హాఖ్ అల్ మౌసిలీ అనే ఉస్తాద్ దగ్గర జిర్యాబ్ అనే షాగిర్ద్ ఉండేవాడు. అల్ మఖ్ఖరీ అనే ముఅర్రిఖ్ ‘నఫ్హుత్ తీబ్’లో అతని గురించి ఒక రివాయత్ రాశాడు. ఖలీఫా హారూన్ రషీద్ ముందు పాడమన్నప్పుడు ఉస్తాద్ ఊద్ చేతికిస్తే జిర్యాబ్ తీసుకోలేదట. నా ఊద్ నేనే చేసుకున్నాను, దాని మీదే వాయిస్తాను అన్నాడట. చూడ్డానికి రెండూ ఒకే కొలత, ఒకే కర్ర. కానీ జిర్యాబ్ ఊద్ బరువు మూడో వంతు తక్కువ. సన్న తీగలకి పట్టు, మస్లస్‌కి, బమ్‌కి సింహం పిల్ల పేగు.

అల్ మఖ్ఖరీ ఇది రాసింది 17వ శతాబ్దంలో. అంటే జిర్యాబ్ పోయిన 800 ఏళ్లకి. కాబట్టి సింహం పేగు సంగతి ఎంతవరకు హకీకత్ అన్నది అల్లాహ్‌కే ఎరుక. జిర్యాబ్ 822లో ఉందులుస్‌కి, అంటే ముస్లిం స్పెయిన్‌కి చేరాడనీ, ఖుర్తుబాలో అమీర్ రెండో అబ్దుర్రహ్మాన్ దర్బారులో గొప్ప ఇజ్జత్ పొందాడనీ తారీఖ్ చెబుతుంది. ఊద్‌కి ఐదో తీగ చేర్చిందీ, కర్ర పుల్ల బదులు గద్ద ఈకతో మీటే పద్ధతి తెచ్చిందీ అతనేనని ప్రసిద్ధి.

ఆ ఉందులుస్ నుంచే అల్-ఊద్ యూరప్‌లోకి వెళ్లి ‘ల్యూట్’ అయింది. మాట కూడా అదే మాట. గిటార్ నేరుగా ఊద్ కడుపున పుట్టిందని అంటే అది గొప్పలకు పోవడమే. దాని వంశవృక్షంలో కొమ్మలు చాలా ఉన్నాయి. కానీ తీగని మెడ మీద నొక్కి, కుడి చేత్తో మీటి, అడుగు స్వరాన్ని నిలబెట్టే హునర్ ఆ దారంట నడిచి వచ్చిందన్నది నిజం.

జిల్ద్‌సాజ్ కనిపెట్టిన కిటుకు

ఊద్ నుంచి బేస్ గిటార్ దాకా ఉన్న దూరంలో అతి పెద్ద మలుపు మఖ్నాతీస్, అంటే అయస్కాంతం. బేస్ గిటార్ ఒళ్లు గట్టి చెక్క. బోలు ఉండదు. కరెంటు లేకుండా మీటితే పక్క గదిలో ఉన్నవాళ్లకి కూడా వినపడదు. దాని గొంతంతా తీగల కింద బిగించిన ఒక చిన్న పెట్టెలో ఉంటుంది. దాన్నే పికప్ అంటారు.

పికప్ లోపల చూస్తే ఆశ్చర్యపోయేంత సాదాగా ఉంటుంది. కొన్ని మఖ్నాతీస్ ముక్కలు, వాటి చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి తీగ. అంతే. పైన ఉన్న ఇనప తీగ ఊగితే మఖ్నాతీస్ బలం కొద్దిగా కదులుతుంది. ఆ కదలికకి రాగి చుట్టలో సన్నటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటు యాంప్లిఫయర్‌కి వెళ్లి ఆవాజ్ అవుతుంది. ఈ కిటుకుని 1831లో లోకానికి చూపించినవాడు మైఖేల్ ఫారడే. లోహార్ కొడుకు. చిన్నప్పుడు ఒక జిల్ద్‌సాజ్ దగ్గర పుస్తకాలకి అట్టలు కడుతూ, కట్టడానికొచ్చిన పుస్తకాలే చదువుకుని శాస్త్రవేత్త అయినవాడు.

ఫారడే కిటుకు మన బస్తీలకి కొత్త కాదు. ఏ ఊరి బజారుకి వెళ్లినా మోటార్ వైండింగ్ దుకాణం ఉంటుంది. కాలిపోయిన బోరు మోటార్లు, ఫ్యాన్లు బయట వరసగా పెట్టి ఉంటాయి. లోపల కారీగర్ రాగి తీగ చుట్లు లెక్కపెట్టుకుంటూ చుడుతుంటాడు. ఆ పనిలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. మోటార్లో కరెంటు పోస్తే కదలిక వస్తుంది. పికప్‌లో కదలిక ఇస్తే కరెంటు వస్తుంది. అదే రాగి, అదే మఖ్నాతీస్, లెక్క మాత్రం తిరగబడింది. ఇంకో తేడా తీగ సన్నదనం. బేస్ పికప్‌లకి మామూలుగా వాడే 42 గేజి తీగ మందం సుమారు 0.063 మిల్లీమీటర్లు. మనిషి వెంట్రుక అంత. అలాంటిది 10,000 చుట్ల దాకా తెగకుండా చుట్టాలి.

ఈ కిటుకుని గిటార్‌కి పెట్టి అమ్మకానికి తెచ్చినవాడు అమెరికాలో జార్జ్ బోషాం. 1931లో తయారైన అతని మొదటి గిటార్ గుండ్రటి ఒంటితో, పొడుగు మెడతో ఉండేది. జనం దాన్ని ‘ఫ్రయింగ్ ప్యాన్’ అన్నారు. మన భాషలో పెనం. గుర్రపు నాడా ఆకారంలో రెండు మఖ్నాతీస్‌లు తీగల మీదుగా వంగి ఉండేవి. దాని రాగి చుట్టను మొదట బట్టలుతికే మిషన్ మోటార్‌తోనూ, తర్వాత కుట్టు మిషన్ మోటార్‌తోనూ చుట్టారని చెబుతారు. ఇంట్లో సామానుతోనే మొదలైన హునర్ ఇది. 1937లో దానికి పేటెంట్ వచ్చింది.

గిటార్ వాయించడం రాని మనిషి

అప్పటిదాకా అడుగు స్వరం వాయించాలంటే డబుల్ బేస్ కావాలి. మనిషంత ఎత్తు. బస్సులో పట్టదు, కారు మీద కట్టుకెళ్లాలి. ఇంతా చేసి, డ్రమ్స్, బూరలు మోగితే దాని ఆవాజ్ మునిగిపోతుంది. దాని మెడ మీద గీతలు ఉండవు. ఏళ్లకేళ్లు రియాజ్ చేస్తే తప్ప వేలు సరైన చోట పడదు.

దీనికి ఒక జవాబు 1930ల్లోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ ఇచ్చాడు. ఆడియోవాక్స్ పేరుతో, మెడ మీద గీతలున్న, ఒళ్లో పెట్టుకుని వాయించే ఎలక్ట్రిక్ బేస్ తయారుచేశాడు. జమానా సిద్ధంగా లేదు. ఎక్కువ అమ్ముడుపోలేదు.

జమానాని మార్చినవాడు కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్. లెక్కలు రాసే ఉద్యోగం చేసి, 1938 ప్రాంతంలో రేడియో దుకాణం పెట్టుకున్నాడు. చిన్నతనంలోనే ఒక కన్ను పోయింది. అన్నిటికన్నా వింత, అతనికి గిటార్ వాయించడం రాదు. రిపేరుకి వచ్చిన ఫన్‌కార్లు ఏమని శికాయత్ చేస్తున్నారో వినేవాడు. 1951లో ‘ప్రెసిషన్ బేస్’ తెచ్చాడు. ప్రెసిషన్ అంటే కచ్చితత్వం. మెడ మీద గీతలుంటాయి కాబట్టి వేలు ఆ ఇంట్లో పడితే చాలు, స్వరం తప్పదు. చెక్క పలకలా ఉండే ఒళ్లు, మరలతో బిగించిన మెడ. ఏది పాడైనా విప్పి మార్చుకోవచ్చు.

ఆ చివరి మాట గుర్తుంచుకోండి. బేస్ గిటార్ పుట్టుకలోనే మరమ్మతు ఉంది. దాన్ని తయారుచేసింది రిపేరు దుకాణందారు. పుట్టిన రోజునే అది డబుల్ బేస్‌కి కిఫాయతీ బదులు. పెద్ద ఉస్తాద్‌లు మొదట్లో దాన్ని చూసి నవ్వారు. లయనెల్ హాంప్టన్ బ్యాండ్‌లో మాంక్ మాంట్‌గోమరీ దాన్ని ఊరూరా తీసుకెళ్లి వాయించాడు. 1953లో ఆర్ట్ ఫార్మర్ సెప్టెట్ రికార్డింగులో దాని గొంతు నమోదు చేశాడు. కొన్నేళ్లకి నవ్వడం ఆగిపోయింది.

గుయ్‌మనే రొద

మొదటి ప్రెసిషన్ పికప్‌లో నాలుగు తీగలకి కలిపి ఒకటే రాగి చుట్ట. దానికో ఐబ్ ఉంది. రాగి చుట్ట తీగ కదలికనే కాదు, గోడలోని కరెంటు వైర్లనీ, ట్యూబ్‌లైట్‌నీ కూడా వింటుంది. అమెరికాలో కరెంటు సెకనుకి 60 సార్లు ఊగుతుంది, మన దగ్గర 50 సార్లు. బేస్ లావు తీగ మీద మూడో గడిలో వచ్చే స్వరం సెకనుకి 49 ఊపులు. అంటే మన ఇళ్ల కరెంటు రొద సరిగ్గా బేస్ వాయించే చోటే వచ్చి కూర్చుంటుంది.

1957లో ఫెండర్ ఆ పికప్‌ని రెండు ముక్కలు చేశాడు. రెండు లావు తీగలకి ఒక చుట్ట, రెండు సన్న తీగలకి ఒక చుట్ట. ఒకదాని మఖ్నాతీస్ ఉత్తరం పైకి, రెండోదాని దక్షిణం పైకి. చుట్టు దిశ కూడా ఎదురెదురు. గోడలోంచి వచ్చే రొద రెండు చుట్టల్లో ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి మింగేస్తుంది. తీగల ఆవాజ్ మాత్రం నిలుస్తుంది. ఇలాంటి కిటుకునే గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ గిటార్‌కి వాడి 1955లో పేటెంట్‌కి అర్జీ పెట్టాడు. 1960లో ఫెండర్ ‘జాజ్ బేస్’ వచ్చింది. దానికి రెండు పొడుగు పికప్‌లు. రెండూ సమానంగా తెరిస్తే రొద తగ్గుతుంది.

ఇవాళ బజారులో దొరికే చవక బేస్‌లలో చాలావాటిలో ఉన్నవి ఈ రెండు నమూనాలే. పది రెట్లు ధర ఉన్నవాటిలోనూ ఇవే. 60 ఏళ్లు దాటినా ఆ నక్షా పెద్దగా మారలేదు. మారింది ఎవరి చేత్తో, ఏ దేశంలో, ఏ మసాలాతో చేస్తున్నారన్నది.

పేరు లేని చేతులు

ఈ తారీఖ్‌లో నన్ను ఎక్కువగా ఆపే చోటు ఇదే.

డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ 1960ల్లో అమెరికా అంతా పాడుకున్న పాటలు తీసింది. ఆ పాటల్లో అనేకం కింద మోగే బేస్ జేమ్స్ జేమర్సన్‌ది. 1962 నాటి ప్రెసిషన్ బేస్, ఏళ్ల తరబడి మార్చని తీగలు, కుడిచేతి ఒక్క చూపుడు వేలు. ఆ వేలితోనే ఒక తరానికి బేస్ నేర్పాడు. కానీ రికార్డు అట్ట మీద అతని పేరు ఉండేది కాదు. జనం పాటని ప్రేమించారు, పాడినవాళ్లని పూజించారు, కింద మోసినవాడు ఎవరో అడగలేదు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్ అట్ట మీద వాద్యకారుల పేర్లు వేసినప్పుడు గానీ జేమర్సన్ పేరు చాలామందికి కనబడలేదు. 1983లో అతను చనిపోవడానికి కొద్ది రోజుల ముందు ఆ బేస్ దొంగలపాలైంది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు. ఆ ఇజ్జత్ చూడడానికి అతను లేడు.

అతని వేలి కింద మోగిన పికప్‌ని ఎవరు చుట్టారు? ఫెండర్ కార్ఖానాలో రాగి తీగ చుట్టిన పని చాలావరకు ఆడవాళ్లది. అందులో చాలామంది మెక్సికన్ మూలాల మజ్దూర్లు. వాళ్లలో తారీఖ్‌కి మిగిలిన పేరు అబిగైల్ ఇబారా. 1956లో పనిలో చేరింది. తిరిగే బాబిన్ మీద వెంట్రుకంత తీగని వేళ్లతో నడిపిస్తూ దశాబ్దాలు గడిపింది. తీగ బిగువు ఎంత ఉండాలో చెప్పే మీటరు ఆమె వేళ్లే. యంత్రం చుట్టినట్టు అచ్చుగుద్దినట్టు ఉండక, చేతి చుట్టులో చిన్నచిన్న తేడాలు వస్తాయి. ఆ తేడాలకే తర్వాతి కాలం మోజుపడింది. ఆమె సంతకం అక్షరాలున్న పికప్‌లకి సంగీతకారులు వెతుక్కుంటూ వచ్చి ఎక్కువ ధర పెట్టారు. 2013లో ఆమె పని విరమించింది. ఆమె పక్కన కూర్చుని అదే పని చేసిన మిగతా ఆడవాళ్ల పేర్లు మాత్రం ప్రపంచానికి అంతగా తెలియవు.

జర్దోజీ పనిచేసే మన ఇళ్ల ఆడవాళ్లకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. పెళ్లికూతురి దుపట్టా అందరూ చూస్తారు. సూది పట్టిన చెయ్యి ఎవరిదో అడగరు.

చవక బేస్ ఎక్కడ పుడుతుంది

ఫెండర్ 1965లో తన కంపెనీని సీబీఎస్‌కి అమ్మేశాడు. అదే సంవత్సరం ఫెండర్ కంపెనీ మిషిగన్‌లో తీగలు చేసే వి.సి. స్క్వయర్ అనే పాత కంపెనీని కొన్నది. ఆ పేరు కొన్నాళ్లు అటకెక్కింది. 1970ల చివర్లో జపాన్ కార్ఖానాలు ఫెండర్ నక్షాలనే తీసుకుని తక్కువ ధరకి, అసలు కన్నా శ్రద్ధగా గిటార్లు చేయడం మొదలుపెట్టాయి. దానికి జవాబుగా 1982లో ఫెండర్ తానే జపాన్‌లో చేయించి, అటక మీది స్క్వయర్ పేరు కిందికి దింపింది. చవక రకంగా పుట్టిన ఆ మొదటి జపాన్ స్క్వయర్‌లకి ఇవాళ కలెక్టర్లు వెతుకుతారు. చవకకీ నాసిరకానికీ తేడా ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత ఆ పని కొరియాకి వెళ్లింది. 1980ల చివర్లో కొంతకాలం ‘స్క్వయర్ టూ’ పేరుతో మన హిందుస్తాన్‌లో కూడా గిటార్లు తయారయ్యాయి. ఆ తర్వాత చైనా, ఇండొనేసియా. మజ్దూరీ ఎక్కడ తక్కువో పని అక్కడికి నడిచింది. ఆ నడక వెనక కన్నీళ్లున్నాయి. అనేక బ్రాండ్లకి గిటార్లు చేసిపెట్టే కోర్ట్ కంపెనీ 2007 నుంచి కొరియాలోని తన కార్ఖానాలు మూసి మజ్దూర్లని తీసేసింది. పని ఇండొనేసియా, చైనాల్లో సాగింది. పని పోయినవాళ్లు కొందరు వెనక్కి తగ్గలేదు. డేరా వేసుకుని, బ్యాండ్ పెట్టుకుని, ఉపవాసాలు చేసి, 4,464 రోజులు పోరాడారు. 2019 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. జీవితమంతా గిటార్లు చేసినవాళ్లలో కొందరు వాయించడం నేర్చుకున్నది ఆ ధర్నా డేరాలోనే.

ఇవాళ మీ అబ్బాయి తెచ్చిన స్క్వయర్ బేస్ తల వెనక ‘ఐసీఎస్’ అనే అక్షరాలతో నంబరు ఉంటే, అది ఇండొనేసియాలోని కోర్ట్ కార్ఖానాలో తయారైంది. ఆ కార్ఖానా సురబయలో ఉంది. యమహా, ఐబనేజ్ చవక బేస్‌లూ ఎక్కువగా ఆ దేశానివే. లోకంలో ముస్లింలు అత్యధికంగా ఉన్న దేశాల్లో ఒకటి అది. సాజ్ హరామా హలాలా అని మనం ఇక్కడ బహస్ చేస్తున్న వేళ, అక్కడ ఒక మజ్దూర్ జొహర్ నమాజు చదివొచ్చి అదే సాజ్‌కి మర బిగిస్తూ ఉండవచ్చు. అతని హలాల్ రోజీ అదే.

పికప్ మార్చాలా?

పికప్ విడిగా కొనుక్కుని బిగించుకునే వ్యాపారం 1970ల్లో మొదలైంది. న్యూయార్క్‌లో లారీ డిమార్జియో, కాలిఫోర్నియాలో 1976లో కంపెనీ పెట్టిన సేమూర్ డంకన్, క్యాథీ కార్టర్ డంకన్ దానికి దారి వేశారు. సీబీఎస్ కాలపు ఫెండర్‌ల నాణ్యత పడిపోయిందని సంగీతకారులు గొణుగుతున్న రోజులవి. కంపెనీ ఇవ్వని గొంతుని మేమిస్తామన్నారు. అంతకుముందు మారిస్తే సాజ్ పాడుచేసినట్టే. ఆ తర్వాత మార్చడం ఒక శౌఖ్ అయింది.

ఖరీదైన పికప్‌కీ చవక పికప్‌కీ ముఖ్యమైన తేడా మఖ్నాతీస్‌లో ఉంటుంది. పాత పద్ధతిలో ఒక్కో కడ్డీ అల్నికో అనే మిశ్రమ లోహం. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ ఇనుముతో కలిపి చేస్తారు. దాని మూలం 1931లో జపాన్‌లో తొకుషిచి మిషిమా కనిపెట్టిన ఉక్కులో ఉంది. చవక పద్ధతిలో మామూలు ఇనప కడ్డీలు పెట్టి, అడుగున సిరామిక్ మఖ్నాతీస్ పట్టీ అతికిస్తారు. స్పీకర్ల వెనక ఉండే నల్లరాయి లాంటిదే అది. అల్నికో ఆవాజ్ కొంచెం గుండ్రంగా, సిరామిక్ ఆవాజ్ కొంచెం కరుకుగా ఉంటుందని చాలామంది అంటారు. అది రుచి సంగతి. కరుకు గొంతు కావాలనే సిరామిక్ వాడే ఖరీదైన పికప్‌లూ ఉన్నాయి.

కాబట్టి పిల్లాడు పికప్ మార్చాలని అడిగితే వరస ఇది.

ముందు తీగలు. చవక బేస్‌తో వచ్చే తీగలు చాలావరకు మొద్దుగా ఉంటాయి. కొత్త తీగలు వేసి, మెడ వంపు, తీగల ఎత్తు తెలిసినవాళ్ల చేత సరిచేయించండి. తర్వాత పికప్ ఎత్తు. పక్కనున్న మరలు తిప్పితే పికప్ తీగలకి దగ్గరవుతుంది, దూరమవుతుంది. మరీ దగ్గరైతే మఖ్నాతీస్ తీగని లాగి స్వరం వణుకుతుంది. ఒక పేచ్‌కస్‌తో ఖర్చు లేకుండా వచ్చే మార్పు చాలాసార్లు కొత్త పికప్ తెచ్చే మార్పంత ఉంటుంది.

రొద వస్తుంటే ముందు ఇంటి కరెంటు చూడండి. యాంప్లిఫయర్ మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నులు చేసి వాడడం మన ఇళ్లలో మామూలైపోయింది. అది రొదకే కాదు, ప్రాణానికీ ఖతరా. ఎర్తింగ్ సరిగా ఉండాలి. తీగల మీద చెయ్యి వేస్తే రొద తగ్గి, తీస్తే పెరుగుతుంటే బేస్ లోపలి గుంతకి రాగి పట్టీ అంటించి, దాన్ని ఎర్త్ వైరుకి కలిపితే మేలు జరుగుతుంది.

ఇవన్నీ అయ్యాక, ఏడాది రియాజ్ చేశాక కూడా చెవి ఇంకేదో అడుగుతుంటే అప్పుడు పికప్. మంచి బ్రాండ్ పికప్ ధర చవక బేస్ ధరలో మూడో వంతు, దిగుమతి ఖర్చు కలిపితే ఇంకా ఎక్కువ కావచ్చు. ప్రెసిషన్ రకం రెండు ముక్కల కొలతలు చాలావరకు ఒకటే కాబట్టి మార్చడం సులువు. జాజ్ రకంలో మెడ వైపు పికప్ కొంచెం పొట్టి, బ్రిడ్జి వైపుది కొంచెం పొడుగు. కొన్ని చవక మోడళ్లలో రెండూ ఒకే కొలత. కొనేముందు స్కేలు పెట్టి కొలవండి. వేర్వేరు కంపెనీల రెండు పికప్‌లు కలిపి పెట్టినప్పుడు ఆవాజ్ పలచబడితే రెండూ ఎదురెదురుగా మోగుతున్నాయని అర్థం. చాలా పికప్‌లలో ఒకదాని రెండు వైర్లు అటుదిటు మార్చి సాల్డర్ చేస్తే సరిపోతుంది. పనిలో పనిగా 250 కిలో ఓముల మంచి వాల్యూమ్ పాట్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయించుకోవచ్చు. కెపాసిటర్ మీది ఆ ‘ఫారడ్’ కూడా మన జిల్ద్‌సాజ్ పేరే. టీవీ, మొబైల్ రిపేరు చేసే ఏ కారీగర్ అయినా ఈ సాల్డరింగ్ అరగంటలో చేసిపెడతాడు.

తీసిన పాత పికప్ పారేయొద్దు. వైర్లు ఎలా కలిపి ఉన్నాయో ఫొటో తీసుకుని, పికప్‌ని ఒక డబ్బాలో దాచండి. బేస్ అమ్మేటప్పుడు దాన్ని తిరిగి పెట్టి, కొత్తది తర్వాతి బేస్‌కి వాడుకోవచ్చు.

బమ్ వారసులు

మన కౌమ్‌కి ఈ అడుగు స్వరంతో రిష్తా లేదని ఎవరైనా అంటే కొన్ని పేర్లు చెప్పండి. బ్రూక్లిన్‌లో పుట్టిన అహ్మద్ అబ్దుల్ మాలిక్ 1950ల్లో థెలోనియస్ మాంక్ బ్యాండ్‌లో బేస్ వాయించాడు. అదే చేతులతో ఊద్ కూడా వాయించి 1958లో ‘జాజ్ సహారా’ ఆల్బమ్ చేశాడు. పాత బమ్, కొత్త బేస్ ఒకే మనిషి ఒళ్లో కలిశాయి. ఫిలడెల్ఫియాలో పెరిగి ఇస్లాం స్వీకరించిన జమాలుద్దీన్ తకూమా 1970ల్లో ఆర్నెట్ కోల్‌మన్ బృందంలో ఎలక్ట్రిక్ బేస్‌కి కొత్త బాట వేశాడు. ఏ.ఆర్. రెహమాన్ పాటల్లో దశాబ్దాలుగా వినిపించే బేస్‌లో ఎక్కువ భాగం కీత్ పీటర్స్‌ది. ఆ పాటలు మన ఇళ్లలో మోగుతూనే ఉన్నాయి, ఆ పేరు ఎంతమందికి తెలుసు?

ఇంకా దగ్గరికి వస్తే, ఒంగోలు పక్క కరవది నుంచి వెళ్లి నాదస్వరానికి దేశమంతా ఇజ్జత్ తెచ్చిన షేక్ చినమౌలానా సాహెబ్ ఉన్నారు. గుళ్లల్లో, పెళ్లిళ్లలో తరతరాలుగా ఊదిన తెలుగు ముస్లిం కుటుంబాల నుంచి వచ్చిన మనిషి ఆయన. వాళ్లలో పద్మశ్రీ దాకా వెళ్లినవారు కొందరే. సాజ్ మీద రోజీ సంపాదించి పేరు లేకుండా పోయినవాళ్లు వందల్లో ఉన్నారు.

డబ్బు దండగా అన్న సవాల్‌కి ఇదే నా జవాబు. చవక బేస్ దండగ కాదు. రిపేరు దుకాణందారు చేతిలో, తక్కువలో పని జరగాలనే నియ్యత్‌తో పుట్టిన సాజ్ అది. దానికి కారీగర్ల మెహనత్ ఇప్పటికే ధారపోసి ఉంది. దండగయ్యేది రియాజ్ లేకుండా సామాను మీద సామాను మార్చుతూ పోయే శౌఖ్. జేమర్సన్ తీగలే మార్చలేదు. జిర్యాబ్ తన ఊద్ అంతా మార్చాడు. ఇద్దరికీ తేడా వస్తువులో లేదు, ఏం కావాలో చెవికి తెలిసి ఉండడంలో ఉంది.

ఒక చిన్న పని మాత్రం చేయమంటాను. పికప్ మార్పించినప్పుడు, కాలిపోయిన చుట్టని మళ్లీ చుట్టించినప్పుడు, పని చేసిన కారీగర్ పేరూ తారీఖూ పికప్ అడుగున సన్న కలంతో రాయించండి. పైన మూత బిగిస్తే ఎవరికీ కనబడదు. ఎన్నేళ్లకో ఎవరో మరలు విప్పినప్పుడు ఆ పేరు అక్కడ ఉంటుంది.